బంతాట చొక్కాకు పటం

మా మామగారు ఒక పని తలకెత్తుకుంటే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ తిరగాల్సిందే. యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఆయన తలకెత్తుకున్నది మా ఆయన ఫుట్‌బాల్ చొక్కాకు పటం కట్టించడం.

మా పెళ్ళికి ముందు మా ఆయన నరసరావుపేటలో హైస్కూలు జట్టుకు ఆడేవారు. గుంటూరు జట్టును ఓడించిన ఆటలో గెలుపు గోలు ఆయనదే. ఆ ఆటలోనే మోకాలు దెబ్బతిని నడకలో కుంటు మిగిలింది. బడివాళ్ళు మెచ్చి ఆ నీలం చొక్కాను ఆయనకే ఇచ్చేశారు. మామగారు మాత్రం కొడుకు ఆట ఏనాడూ చూడలేదు. మిరప కోత వదిలి బంతి చూడటానికి ఎవడు పోతాడని ఆయన వాదన. రొంపిచెర్ల పక్కనే ఉన్న మా ఊళ్ళో మా ఆయనకు "బంతి తన్ని కాలు పోగొట్టుకున్నోడు" అని పేరు పడిపోయింది. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండేది.

ఒకరోజు మామగారు నరసరావుపేటలో ఒక ప్లీడరు ఇంటికి వెళ్ళి, గోడమీద ఆయన చదువు పట్టా పటం కట్టి ఉండటం చూసి వచ్చారు.

"మనోడి చొక్కా అంతకంటే తక్కువేంది?" అన్నారు గుమ్మంలోనే.

అద్దం దొరకడమే గగనమైన రోజులు. అయినా పటాలు కట్టే సాయిబు వెంటపడి సాధించారు. శుక్రవారం మా అరుగుమీదే అద్దం బిగించాలని, ఊళ్ళో పెద్దలందరినీ పిలిచేశారు. అన్నీ అయ్యాక, చొక్కా ఎట్లా ఉందో చూద్దామని పెట్టె తెరిచాం.

అత్తయ్య దాన్ని పట్టుపంచె కంటే భద్రంగా దాచారు. అదే కొంప ముంచింది. చిక్కటి గంజి పెట్టి, ఎనిమిది మడతలు వేసి, ఇత్తడి బిందెల కింద నాలుగేళ్ళు ఉంచారు. విప్పితే అప్పడంలా పెళపెళలాడింది. గుండెమీద కుట్టిన పసుపుపచ్చ అక్షరానికి సరిగ్గా అడ్డంగా ఒక మడత పడింది.

అత్తయ్యకు తెలిసిన మందు ఒక్కటే. మళ్ళీ గంజి పెట్టి, తడిమీదే పీట కింద నొక్కారు. మడత ఇంకా బిగిసింది. సాయిబు లాగి మేకులు కొడతాడులే అన్నారు మామగారు. సాయిబు ఆ మాట విని, "గుడ్డ చిరుగుద్ది బాబాయ్. అద్దం ఎనక మడత ఇంకా చానా కనపడుద్ది" అని కబురు పంపాడు. శుక్రవారానికి రెండు రోజులే ఉంది. పెద్దమనుషుల ముందు ఆ నలిగిన గుడ్డను పెడితే, కాలు పోగొట్టుకున్నది ఈ మసిగుడ్డ కోసమా అని నవ్వరూ?

కొంగు బొడ్లో దోపి, "ఇక దీని జోలికి ఎవరూ రావద్దత్తయ్యా" అన్నాను. కోడలి నోటికి ఆ మాట ఎక్కువే.

గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, గంజి మొత్తం వదిలేదాకా నీళ్ళు మార్చాను. పిండకుండా నీడన ఆరేశాను. కాస్త చెమ్మ ఉండగానే తిరగేసి, పైన తడి పంచె ముక్క పరిచాను. చాకలి పెద్దమ్మ దగ్గర ఇస్త్రీ పెట్టె అడిగి తెచ్చి తుమ్మ బొగ్గులు రాజేశాను. రుద్దితే రంగు పోతుందని, పెట్టెను లాగకుండా అద్ది తీశాను. ఎన్నిసార్లో లెక్కలేదు. అక్షరం మీద మడత మాత్రం మొండికేసింది. నేను అంతకంటే మొండిదాన్ని. శుక్రవారం పొద్దుటికి అది కూడా పోయింది. మంచంమీద పరిచి చూసుకుంటే, పల్నాడు మొత్తంలో నా అంత పనిమంతురాలు లేదనిపించింది.

పెద్దలు వచ్చారు. సాయిబు చెక్కమీద చొక్కా పరిచి అద్దం ఎత్తబోయాడు.

"ఆగు సాయిబూ," అన్నారు మామగారు. కొడుకు వైపు తిరిగి గొంతు తగ్గించారు. "ఒరేయ్, ఒక్కసారి తొడుక్కోరా. అద్దం పడ్డాక ఇంక కుదరదు గదా. నిన్ను ఈ చొక్కాలో నేను ఎప్పుడూ చూళ్ళా."

నా రెండు రోజుల కష్టం! మా ఆయన నా వైపు చూశారు. కోపం ముక్కుమీదకి వచ్చింది గానీ, మామగారి ముఖం చూశాక దిగిపోయింది. చొక్కా తీసి నేనే ఆయన చేతికిచ్చాను.

భుజాల దగ్గర బిగుతైంది. అరుగు ఈ కొసనుంచి ఆ కొసదాకా ఆయన కుంటుకుంటూ నడిచారు. ఎవరూ నవ్వలేదు.

"గుంటూరోళ్ళని ఓడగొట్టింది వీడే," అన్నారు మామగారు, ఊరంతటికీ వినపడేట్టు గట్టిగా. కండువాతో కళ్ళు తుడుచుకున్నారు.

చొక్కా విప్పేసరికి చంకల్లో, పొట్టదగ్గర, మోచేతుల దగ్గర అన్నీ ముడతలే. అత్తయ్య కంగారుపడి, "ఏమే, ఇస్త్రీ పెట్టె మళ్ళీ తెద్దామా?" అన్నారు.

"వద్దత్తయ్యా," అన్నాను. చొక్కాను అట్లాగే సాయిబు చేతికిచ్చి, అద్దం బిగించమన్నాను.