ఇరవయ్యో మాట

పిల్లలు ఆవిడకు పెట్టిన పేరు ఎర్రర్ టీచరు. ఎవరి ప్రోగ్రాము చెడినా, "ఎర్రర్ వచ్చిందా? శుభం, ఇప్పుడు నేర్చుకుంటావు" అనడం ఆవిడకు అలవాటు. నిజానికి ఆవిడ లెక్కల టీచరు. ఆ ప్రభుత్వ బడికి తొమ్మిది కంప్యూటర్లు పంపిన మహానుభావులు, నేర్పే మనిషిని పంపడం మరిచిపోయారు. హెడ్మాస్టరు ఆ పనీ ఈవిడ నెత్తిన పెట్టి చేతులు దులుపుకున్నాడు. నలభై ఇద్దరు పిల్లలు, తొమ్మిది యంత్రాలు. తలప్రాణం తోకకొచ్చేది. అయినా ఆరేళ్ళలో ఒక్క పీరియడూ ఎగ్గొట్టలేదు.

ఒక సోమవారం పొద్దున్న గంట కొట్టకముందే వచ్చి, ల్యాబు తలుపు దగ్గర ఆగిపోయింది. లోపల ఒక ఆడపిల్ల మాట్లాడుతోంది.

"అమ్మా, చెయ్యి తుడుచుకుని ముట్టుకో. తడిచేత్తో వద్దని టీచరు చెప్పింది."

ఆ గొంతు ఆవిడకు తెలుసు. ఏడో తరగతి, కిటికీ పక్క కంప్యూటరు. సెలవుల్లో జ్వరమొచ్చి మూడు రోజుల్లో చనిపోయిన పిల్ల. దేవుణ్ణి తలుచుకుందామంటే ఆ నిమిషాన ఏ దేవుడూ గుర్తుకు రాలేదు. ఎలాగో తలుపు తోసింది.

లోపల ఆయా ఉంది. రోజూ గదులు ఊడ్చే మనిషి, ఆ పిల్ల తల్లి. చీపురు గోడకు ఆనించి తెర ముందు కూర్చుంది.

"నీకు అక్షరమ్ముక్క రాదు కదా ఆయమ్మా, ఎలా తెరిచావు?"

"సెలవులకు ముందు మా పిల్లే నేర్పిందమ్మా. ముందు ఈ మూల మీట, తర్వాత ఇది, ఆనక తెర మీద ఆ పచ్చజెండా బొమ్మ. అయిపోయాక ఈ రెండు మీటలూ కలిపి నొక్కమంది. బడి తెరిచిన రోజు నుంచీ నొక్కుతున్నా. రోజుకో కొత్త మాట చెబుతుంది. నేనూ జవాబు చెబుతా. పాపం, ఒక్కతే ఉంటుంది కదా."



ఆయా వెళ్ళాక టీచరు ఆ ప్రోగ్రాము తెరిచి చూసింది. ఊడ్చేటప్పుడు అమ్మకు తోడుగా ఉంటుందని, పిల్ల తన గొంతే రికార్డు చేసి పెట్టింది. యంత్రానికి పనులు చెప్పే రంగురంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి పొందిగ్గా పేర్చి ఉన్నాయి. నొక్కినప్పుడల్లా ఒక మాట, మళ్ళీ నొక్కితే దాని తర్వాతది. చివర నొక్కే ఆ రెండు మీటలూ ఏ మాట దాకా వచ్చిందో దాచిపెట్టడానికి. భేష్ అని వీపు తట్టాలనిపించింది, వెంటనే ఏడుపొచ్చింది. మొత్తం ఇరవై మాటలు. ఆ పొద్దున్న పలికింది పందొమ్మిదోది. ఇరవై అయ్యాక ఏం చెయ్యాలో పిల్ల రాయలేదు. ఆ తరగతిలో అందరూ చేసే పొరపాటే అది. ఆ పాఠం సెలవులయ్యాక చెబుదామని వాయిదా వేసింది ఈవిడే. ఇంకొక్క రోజు పోతే ఆ యంత్రం నోరు విప్పదు.

మళ్ళీ మొదటికి తిప్పడానికి ఒక్క బ్లాకు చాలు. మౌసు మీద చెయ్యి పెట్టి, తీసేసింది. తల్లిని మోసం చెయ్యడానికి మనసొప్పలేదు. మధ్యాహ్నం ఆయాను పిలిచి ఉన్నమాట చెప్పేసింది.

"ఇంకొక్కటే మిగిలింది. కావాలంటే మొదట్నించీ మళ్ళీ చెప్పేలా చేస్తాను."

ఆయా చీర కొంగు నడుముకు దోపుకుంది.

"వద్దమ్మా. చెప్పిందే చెప్పమంటే దానికి చిరాకు. ఆ ఒక్కటీ అలాగే ఉండనివ్వండి. అదీ వినేస్తే, ఇంక నాతో చెప్పడానికి దాని దగ్గర ఏమీ ఉండదు."

మర్నాటి నుంచి ఆయా పచ్చజెండా నొక్కలేదు. ల్యాబుకు మాత్రం రోజూ వస్తోంది. తలుపు బయట టీచరుకు ఇప్పుడు ఒక్క గొంతే వినబడుతుంది. "ఆఁ, తిన్నానే." కాసేపు నిశ్శబ్దం. "నీకెవరు చెప్పారు?" మళ్ళీ నిశ్శబ్దం, సరిగ్గా ఒక మాటకు పట్టేంత.

మొన్న బుధవారం బడి మొత్తానికీ కరెంటు లేదు. కంప్యూటర్ల తెరలన్నీ నల్లగా ఉన్నాయి. ఆయా కిటికీ పక్క కంప్యూటరు మీదికి వంగి, "ఇంకోసారి చెప్పు, వినపడలేదు" అంది. కాసేపాగి ఫక్కున నవ్వింది.

టీచరు గుమ్మంలోనే నిలబడి, తనూ చెవి ఒగ్గింది.