రాతి మీద నాలుగో పేరు

మాచర్ల దగ్గర నాపరాయి క్వారీలో బండలు మోసే పోలేరమ్మకు ఒకచోట నిలకడ ఉండేది కాదు. అన్నం కూడా నిలబడే తినేది. పెళ్లయిన రెండేళ్లకు, డెబ్బై ఒకటి డిసెంబరు యుద్ధంలో, ఆమె భర్త చెన్నయ్య పడమటి సరిహద్దులో కనిపించకుండా పోయాడు. మిలిటరీ పంపిన కాగితంలో ‘ఆచూకీ తెలియలేదు’ అని ఉందని పోస్టుమాస్టరు చదివి చెప్పాడు. ఆ మాట పట్టుకునే ఆమె పద్నాలుగేళ్లు బొట్టు తుడవలేదు, గాజులు తీయలేదు. రోడ్డు మీద ఏ బస్సు ఆగినా ఆమె చూపు అటే పోయేది.

ఎనభై ఐదు చివర్లో ఊరి సర్పంచి నరసింహారావు, యుద్ధాల్లో పోయిన ఊరివాళ్లకు పంచాయతీ ఆఫీసు ముందు స్మారక రాయి నిలబెట్టాలని తలపెట్టాడు. బర్మాలో పోయినవాళ్లు ఇద్దరు, చైనా యుద్ధంలో ఒకరు. జనవరి ఇరవై ఆరున ఆవిష్కరణ. ఎనిమిది అడుగుల ఆ బండను లారీకెక్కించిన కూలీల్లో పోలేరమ్మ కూడా ఉంది. బండ ఊరు చేరిన వారానికి, క్వారీలో మేస్త్రీ అన్నాడు.

“నాలుగో పేరు మీ ఆయనదేనంట పోలేరమ్మా.”

తల మీది గుడ్డ లాగి పారేసి ఆమె తిన్నగా పంచాయతీ ఆఫీసుకి నడిచింది.

“చచ్చినోళ్ల రాయి మీద నా మొగుడి పేరేంది? ఆయన చచ్చాడని మీకెవురు జెప్పారయ్యా?”

నరసింహారావు కుర్చీ చూపించాడు. “ముందు కూర్చో. ఏడేళ్లు కనపడకపోతే పోయినట్టేనని గవర్నమెంటే అంటది. ఊరు మర్యాద చేస్తంటే వద్దంటావేందే?”

“బతికున్నోడికి చేసే మర్యాదా ఇది?” అని ఆమె గడప దాటింది.

పక్క రేకుల షెడ్డులో యాకూబ్ ఆ బండ మీద అక్షరాలు చెక్కుతున్నాడు. మూడు పేర్లు అయిపోయాయి. నాలుగోది సుద్దతో రాసి ఉంది. పోలేరమ్మ కొంగుతో దాన్ని చెరపబోయి, చేయి రాక ఆగిపోయింది.

“ఉలి పెట్టాక నా చేతుల్లో ఏం ఉండదక్కా,” అన్నాడు యాకూబ్. “రెండ్రోజులు ఆపుతా. ఆయనతో ఉన్నోళ్లు ఎవురూ తిరిగి రాలేదా?”

వచ్చాడు. రొంపిచెర్ల శివయ్య. మిలిటరీలో చెన్నయ్యతో ఒకే కంపెనీలో పనిచేసి, ఎడమకాలు పోగొట్టుకుని వచ్చి సైకిల్ షాపు పెట్టుకున్నాడు. రమ్మని రెండుసార్లు కబురంపాడు కూడా. ఆమె వెళ్లలేదు. ఎందుకు వెళ్లలేదో ఆమెకు తెలుసు. ఎవరితోనూ అనలేదు, అంతే.

మర్నాడు నరసరావుపేటలో బస్సు మారి రొంపిచెర్లలో దిగింది. షాపు ముందు నుంచి అటూ ఇటూ మూడుసార్లు నడిచింది. ఒకసారి బస్టాండు దాకా వెనక్కి పోయి మళ్లీ వచ్చింది. చెన్నయ్య చూపించిన ఫొటో గుర్తుండి శివయ్యే పోల్చుకుని, “వదినా!” అంటూ స్టూలు జరిపాడు.

“చూశావా, లేదా? ఆ ఒక్కటీ జెప్పు.”

శివయ్య చేతుల గ్రీజు చానాసేపు తుడుచుకున్నాడు.

“చూశా. ఇద్దరం తవ్వుకున్న ఒకే గుంటలో దాక్కుని ఉన్నాం. ఫిరంగి గుండు పడి నా కాలు పోయింది, అన్న నడుం దాకా మట్టిలో కూరుకుపోయాడు. ఒళ్లు చల్లబడిందాకా అన్న చెయ్యి పట్టుకునే ఉన్నా. తర్వాత నన్ను మోసుకపోయారు. తెల్లారేసరికి ఆ చోటు అవతలోళ్ల చేతికి పోయింది. శవం దొరకలా, అందుకే కాగితంలో అట్టా రాశారు.”

“నాకెందుకు జెప్పలా?”

“కబురంపితే నువ్వు రాలా. నీ బొట్టు చూస్తా ఆ మాట చెప్పే ధైర్యం లేక నేనూ రాలా.”

“ఏమన్నా అన్నాడా?”

“దాహమన్నాడు. నా దగ్గర నీళ్లు అయిపోయినయ్ వదినా.”

ఆమె లేచి రోడ్డెక్కింది. బస్సు ఎక్కాలని కూడా తోచక ఎండలో చాలా దూరం నడిచింది. దారిలో బోరింగు కనిపిస్తే ఆగి కొట్టింది, నీళ్లు ధారగా పడుతుంటే దోసిలి పట్టకుండా చూస్తూ నిలబడింది. ఊరు చేరాక యాకూబ్‌తో ఒకే మాట అంది.

“చెక్కు తమ్ముడూ.”

బొట్టు మాత్రం తీయలేదు. తీయమని అడగటానికి ఊళ్లో ఎవరికీ నోరు రాలేదు.

ఆవిష్కరణ నాడు నరసింహారావు పెద్ద దండ ఆమె చేతికివ్వబోయాడు. ఆమె అందుకోలేదు. తను కబురంపితే వచ్చి, జనం వెనక కర్ర ఊతంతో నిలబడ్డ శివయ్యను రెక్క పట్టుకుని ముందుకు తీసుకొచ్చింది.

“ఆఖర్న చెయ్యి పట్టుకున్నోడు ఈయన. దండ ఈయనే వెయ్యాల.”

వేదిక మీది పెద్దలు మొహాలు చూసుకున్నారు. నరసింహారావు దండ శివయ్యకిచ్చి పక్కకి తప్పుకున్నాడు.

మీటింగయ్యాక శివయ్యను ఇంటికి తీసుకుపోయి అన్నం పెట్టింది. వడ్డిస్తూ, గిన్నెలు అటుదిటు ఇటుదటు పెడుతూ, ఉన్నట్టుండి అడిగింది.

“ఆ గుంటలో కూర్చుని ఏం మాట్లాడుకునేవోళ్లు మీరు?”

“ఇంకేముంది? నీ గురించే. నీకు కోపమొస్తే వంకాయ కూర మాడుస్తావంట గదా?”

పోలేరమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే గోడకు చేరగిలబడి పెద్దగా ఏడుస్తుంటే శివయ్య చేతిలో ముద్ద పళ్లెంలో వదిలేసి, తలవంచుకుని కూర్చున్నాడు.