పదకొండు–పది దగ్గర ఆగిన ఆట

బ్రెజిల్ తీరాన ఉన్న మా అరకాజు ఊళ్ళో ఎడిలైనె అంటే సగం మందికి తెలియదు. "డాక్టరమ్మ" అంటే మాత్రం చేపల బజారులో ఏ బల్ల దగ్గర అడిగినా ఇల్లు చూపిస్తారు. ఆమె డాక్టరు కాదు. మునిసిపాలిటీ బడిలో పిల్లలకు ఆటలు నేర్పుతుంది. నేను అదే బడిలో వంట చేస్తాను. మా రెండిళ్ళకూ మధ్య ఒక్క గోడే అడ్డం. ఆ పేరు ఆమెకు అంటుకున్న రోజు నేను అక్కడే ఉన్నాను.

వాళ్ళమ్మ లుజినేతె పీతలు ఉడికించి, గుజ్జు తీసి హోటళ్ళకు ఇచ్చేది. ఎడిలైనె పదకొండో ఏట, సముద్రం ఒడ్డున అజెనోర్ మాస్టారు కట్టిన వాలీబాల్ నెట్ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టింది. జుసారా ఆమెకు అక్కడే దొరికింది. జుసారా మనిషి పొడుగు, నోరు ఇంకా పొడుగు. మా పిల్ల పొట్టిది, మాట తక్కువ. ఇసుకలో ఎంత దూరం బంతినైనా వెళ్ళి ఎత్తేది.

బీచ్ వాలీబాల్‌లో పక్కకు ఇద్దరే. బెంచీ మీద మూడో మనిషి ఉండదు. ఒకరు కూలబడితే ఇద్దరూ ఇంటికే.

"ఇది ఆట కాదర్రా, కాపురం. అలిగినా కొట్టుకున్నా సాయంత్రం దాకా ఈ గీతల్లోనే ఉండాలి" అనేవారు మాస్టారు.

ఆ కాపురం ఏడేళ్ళు సాగింది. వాళ్ళకు పద్దెనిమిది నిండిన ఏడాది, పంతొమ్మిదేళ్ళ లోపు పిల్లల ప్రపంచ పోటీలు మా తీరానికే వచ్చాయి. ఒక పక్క అబ్బాయిల ఆటలు, ఒక పక్క అమ్మాయిలవి. ఎక్కడెక్కడి దేశాల పిల్లలో మా ఎండకు ఎర్రగా కమిలిపోయి కొబ్బరినీళ్ళ బండ్ల దగ్గర మూగేవారు. మరుసటి ఏడాదికి మావాళ్ళ వయసు దాటిపోతుంది. ఉన్నది ఇదొక్కటే అవకాశం.

బ్రెజిల్ పసుపు చొక్కాలు వేసుకుని మావాళ్ళు సెమీఫైనల్ దాకా వెళ్ళారు. అవతల పోలెండ్ పిల్లలు. చెరొక సెట్ గెలిచారు. పదిహేను పాయింట్ల మూడో సెట్ మొదలైంది. నేనూ లుజినేతె మెట్ల మీద కూర్చున్నాం. మాస్టారు మా పక్కనే. ఆట నడుస్తుండగా ఆయన లోపలికి మాట అందించడానికి వీల్లేదు.

మావాళ్ళు ఎనిమిది–ఏడుతో ముందుండగా బంతి సరిగ్గా ఇద్దరి మధ్యకు వచ్చింది. ఇద్దరూ దూకారు. ఎడిలైనె మోకాలు జుసారా కణతకు తగిలింది. ఆ చప్పుడు మా దాకా వినబడింది. జుసారా వెంటనే లేచి ఇసుక దులుపుకుని, జనం వైపు చెయ్యి ఊపింది. జనం ఈలలు వేశారు.

పదకొండు–తొమ్మిది దగ్గర జుసారాయే విరామం అడిగింది. గొడుగు కింద తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది. చెమట తుడుచుకుంటోందనుకున్నాం. అక్కడేం జరిగిందో ఎడిలైనె తర్వాత చెప్పింది. జుసారా ఆ తువ్వాల్లో వాంతి చేసుకుని, దాన్ని మడిచి సంచీలో కుక్కేసింది.

"ఒసేయ్, స్కోరెంత?" అని ఎడిలైనె అడిగింది.

"ఏడు... కాదు, నువ్వే చెప్పు. నన్నెందుకే పరీక్షలు పెడతావ్?"

"నీకు బాగాలేదు."

"నోరు విప్పావంటే నిన్ను సముద్రంలో ముంచుతా. నాలుగు పాయింట్లే! నిలబడితే చాలు నేను."

ఆట మళ్ళీ మొదలైంది. పోలెండ్ పిల్ల సర్వీస్ చేసింది. బంతి జుసారా పక్కనే ఇసుకలో పడింది. జుసారా దాన్ని చూడనే లేదు, నెట్ కేసి కాకుండా సముద్రం కేసి తిరిగి నిలబడి ఉంది. పదకొండు–పది.

ఎడిలైనె ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరగకుండా నేరుగా రిఫరీ కుర్చీ దగ్గరికి నడిచి ఏదో చెప్పింది. డాక్టరు పరుగెత్తుకొచ్చాడు. వేళ్ళు చూపించాడు, కళ్ళలోకి లైటు వేశాడు, తల అడ్డంగా ఊపాడు. అంతే, ఆట పోలెండ్ వాళ్ళదైపోయింది. జుసారా అరిచిన అరుపు నాకిప్పటికీ గుర్తుంది.

"నన్నమ్మేశావే! నన్నమ్మేశావ్!"

లుజినేతె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మాస్టారు టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆసుపత్రిలో రెండు రోజులుంచి, ప్రమాదమేమీ లేదని పంపేశారు. ఎడిలైనెకు అసలు కష్టం అక్కడే మొదలైంది. ఏదైనా అయ్యుంటే ఊరు ఆమెను నెత్తిన పెట్టుకునేది. ఏమీ కాలేదు కాబట్టి ఊరికి ఆ చేజారిన నాలుగు పాయింట్లే గుర్తు మిగిలాయి.

"డాక్టరమ్మా, ఈ చేప బతికుందా పోయిందా చూసి చెప్పు!" అని బజారులో అరిచేవారు.

"పోయింది. నిన్నటిది. అయినా అమ్ముతున్నావుగా" అనేది ఎడిలైనె. ఇంటికొచ్చాక రెండు రోజులు అన్నం ముట్టేది కాదు.

జోడీగా ఆడటానికి ఆమెతో ఎవరూ రాలేదు. ఎప్పుడు చెయ్యెత్తేస్తుందోనని భయం. మాస్టారు ఒక్కరే అడిగి చూశారు గానీ ఆమే వద్దంది. చదువుకుని టీచరైంది. జుసారా దక్షిణానికి వెళ్ళి కొత్త జోడీతో ఐదారేళ్ళు ఆడింది. అంత పెద్ద ఆట దాకా మళ్ళీ వెళ్ళలేదు. ఆ ఏళ్ళలో వాళ్ళ మధ్య ఒక్క మాట లేదు. ఆ దెబ్బ తన మోకాలిదే కదా అన్నది ఎడిలైనెను ఎంత తిన్నదో గోడ ఇవతల ఉన్న నాకు తెలుసు.

పదకొండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం నేను బీన్స్ గిన్నె దించుతుంటే బడి వంటగది గుమ్మంలో జుసారా నిలబడింది. కాస్త ఒళ్ళు చేసింది. తండ్రి దినానికి వచ్చిందట.

"అత్తా, అది ఉందా?"

ఎడిలైనె నా వెనకే ప్లేట్లు సర్దుతోంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. జుసారాయే ముందు నోరు తెరిచింది.

"నీ చోట నేనుంటే చెప్పేదాన్ని కాదు."

"తెలుసు."

"నీకు తెలుసులే. నాకు తెలియడానికే ఇన్నేళ్ళు పట్టింది. నువ్వు వాంతులు చేసుకుంటున్నా నిన్ను ఆడించేదాన్నే. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదే." లోపలికి అడుగు పెడుతూ, "అయినా నా కోపం పోలేదు" అంది.

"పోనక్కర్లేదు. తిన్నావా?"

తినలేదంది. నేను బీన్స్, అన్నం పెట్టాను. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని తిన్నారు. ఇప్పుడు ఏటా డిసెంబరులో జుసారా కూతురితో వచ్చి ఎడిలైనె వాళ్ళింట్లో రెండు రోజులుంటుంది. రెండో రోజుకు ఏదో ఒక గొడవ పడే వెళుతుంది.

మళ్ళీ అదే జరిగితే ఏం చేస్తావని మొన్న ఎడిలైనెను అడిగాను.

"చెప్తాను పిన్నీ. కాకపోతే ముందు దాని మొహం చూసి, 'నేను వెళ్ళి చెప్తున్నానే' అని దానికి చెప్పి వెళ్తాను. ఆ రోజు వెనక్కి తిరిగితే నా కాళ్ళు కదలవని భయపడ్డాను. అదొక్కటే నేను చేసిన తప్పు" అంది.