శనివారం మిద్దె మీది చౌడు

1983, మే నెలాఖరు, నంద్యాల. సాయంత్రం ఐదు గంటలకు ఆ హాల్లో ఉన్నవి: గోడవారగా చుట్టిపెట్టిన జంపఖానాలు, రెండు హార్మోనియంలు, ఒక తబలా జత, ఒక క్లారినెట్, తీగ తెగిన మాండొలిన్, పాడేవాళ్ళు కూర్చునే రాతి అరుగు, నీళ్ళ కుండ. ఉన్నవాళ్ళు: పాటల క్లబ్బు పెట్టిన దానియేలు సారు, తబలా వాయించే మౌలాలి, నేను. మైకు లేదు. ఆ హాల్లో ఏనాడూ మైకు పెట్టలేదన్నది సారు నాకు చెప్పిన మొదటి సంగతి.

నేను అప్పటికి పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా ముగించి, ఊళ్ళో ఒక లైసెన్సున్న ఇంజనీరు దగ్గర పనిచేస్తున్నాను. పాత కట్టడాలు కొలిచి, లెక్కకట్టి, నిలుస్తాయో లేదో రాసివ్వడం మా పనుల్లో ఒకటి. ఆ కాగితాన్ని స్టెబిలిటీ సర్టిఫికెట్ అంటారు. టికెట్టు పెట్టి జనాన్ని కూర్చోబెట్టే చోటుకు లైసెన్సు కావాలంటే అది ఉండాలి. క్లబ్బు లైసెన్సు జూన్‌తో ముగుస్తుంది. ఈలోగా కాగితం రాకపోతే మూసేయాలి. వాళ్ళకు మరో చోటు లేదు.

ఊళ్ళో దాన్ని శనివారం మిద్దె అనేవారు. ఒకప్పుడది పత్తి గోదాము. దానియేలు సారు అప్పట్లో బడిలో అయివారు. ఆళ్ళగడ్డలో పాటంటే చెవి కోసుకునే శెట్టి ఒకాయన, ఖాళీగా పడున్న ఆ గోదామును సారుకు నామమాత్రపు బాడుగకు ఇచ్చాడు. పాతికేళ్ళపాటు ప్రతి శనివారం సాయంత్రం అక్కడ కచేరీ జరిగింది. నాటక పద్యాలు, కీర్తనలు, క్రైస్తవ గీతాలు, ఖవ్వాలీలు. డెబ్బైల్లో కుర్రవాళ్ళు గిటారు, అకార్డియన్ తెచ్చి సినిమా పాటలు మొదలుపెట్టారు. ఆత్మకూరు, వెలుగోడు, అవుకు నుంచి వచ్చి, విని, ఆఖరి బస్సుకు పరుగెత్తేవాళ్ళు ఉండేవారు. వచ్చి పాడిన ప్రతివాడూ ఒకే మాట అనేవాడట: ఇక్కడ గొంతు చించుకోనక్కరలేదు, మెల్లగా పాడినా వెనక గోడకు అందుతుంది.

ఆ వేసవిలో పాడుతుండగా పైనుంచి మన్ను రాలడం మొదలైంది.

మా వైపు మిద్దె అంటే ఇది. గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద అడ్డంగా దంతెలనే సన్న కొయ్యలు, దంతెల మీద నాపరాళ్ళు, ఆపైన మట్టి, అన్నిటికీ పైన చౌడు, అంటే ఉప్పు తేలిన తెల్లమన్ను. చౌడు నీటిని కిందికి దిగనివ్వదు. అందుకని తొలకరికి ముందు ఏటా మిద్దెకు చౌడు తోలతారు. పాతది గీకి దించి కొత్తది పరచడం పద్ధతి.

నేను గోడకూ గోడకూ దారం లాగి దూలాలు కొలిచాను. దూలం నడుమ ఎంత కుంగిందో దాన్ని డిఫ్లెక్షన్ అంటాం. ఇరవై రెండు అడుగుల దూలం ముప్పాతిక అంగుళం దాకా కుంగినా ఫరవాలేదు. ఆ ఐదు దూలాల్లో ఏదీ మూడంగుళాలకు తక్కువ లేదు.

"పైకెక్కి చూడాల సార్" అన్నాను.

"ఎక్కప్పా" అన్నాడు మౌలాలి. "నిచ్చెన గట్టిదే. మిద్దె సంగతే నువ్వు చెప్పాల."

పైన నడుమ చిన్న గుంత తవ్వాను. ఆరంగుళాలు దిగేసరికి పలుగుకు నాపరాయి తగలాలి. తగల్లేదు. అడుగు దిగినా తగల్లేదు. అడుగున్నర దగ్గర ఖంగుమంది. గుంత అంచున పొరలు కనిపించాయి. తెల్లనిది, బూడిదరంగుది, మళ్ళీ తెల్లనిది. ఒక్కోటి అరంగుళం.

సారు కూడా మెల్లగా నిచ్చెన ఎక్కి వచ్చారు. వెనకే మౌలాలి.

"చౌడు ఎవరు తోలతారు సార్?"

"మేమే. కూలోళ్ళను పెట్టం. తొలకరికి ముందు శనివారం క్లబ్బోళ్ళమంతా గంపలెత్తుతాం. మట్టి తొక్కి, కాళ్ళు కడుక్కొని కచేరీకి కూచుంటాం. గోదామిచ్చిన పెద్ద శెట్టి బతికున్నన్నాళ్ళూ ఆయన కూడా ఒక గంప ఎత్తేవాడు."

"పాతది దించరా?"

"యాల దించేది?" అన్నాడు మౌలాలి. "మట్టి మందమయ్యే కొద్దీ పాట లోపలే నిలబడతాండె. మొదట్లో బజార్లో జట్కా పోతే ఈడ నాకు తాళం తప్పేది. ఇప్పుడు లారీ పోయినా ఇనపడదు. ఇంగ దాన్ని దించుకుంటామా?"

వాన కోసం మొదలుపెట్టిన పనిని పాట కోసం కొనసాగించారు. ఒక్క ఏడు కూడా మానలేదు.

కట్టడం మీద ఎప్పుడూ ఉండే, కదలని బరువును డెడ్ లోడ్ అంటాం. అక్కడే కూర్చుని లెక్క వేశాను. చదరపు అడుగుకు సుమారు డెబ్బై కిలోలు వచ్చింది. నలభై అడుగుల పొడవూ ఇరవై రెండు అడుగుల వెడల్పూ ఉన్న మిద్దె మీద, అడుగుకొక మనిషి లెక్కన జనం ఎక్కి దిగకుండా నిలబడినట్టు.

"సార్, దీన్ని దించాల. వానొస్తే మట్టి నీళ్ళు తాగి ఇంకా బరువవుతాది. ఈ తొలకరి దాటదు."

సారు గుంతలోకి చూస్తూ నిలబడ్డారు. "దించితే?"

"దూలాలు బాగుంటే నిలుస్తాది."

"నిలిచేది కాదప్పా నేనడిగేది. పలుకుతాదా?"

మా పుస్తకాల్లో శబ్దం గురించి ఒక అధ్యాయం ఉంది. సినిమా హాళ్ళ కోసం రాసినది. అందులో చౌడు లేదు.

"తెలీదు సార్" అన్నాను.

దూలాల కింద సరివి కొయ్యలు నిలబెట్టించాను. దీన్ని ప్రాపింగ్ అంటారు, అంటే కట్టడానికి తాత్కాలికంగా ఊతమివ్వడం. బరువు ఒకవైపే తగ్గితే గోడ నెర్రెలిస్తుంది కాబట్టి రెండు వైపుల నుంచీ సమంగా దించాలని చెప్పాను. ఎత్తినవాళ్ళే దించారు. అందరూ ఇప్పుడు నడి వయసు దాటినవాళ్ళు.

"ఎత్తేటప్పుడు మీసం మొలస్తాండె" అన్నాడు మౌలాలి, గంప దింపి నడుము పట్టుకుని. "దించేటప్పుడు పండ్లు ఊడతాండాయి. మా ఇంజనీరప్ప ఈ మిద్దెక్కేదానికి ఇంత కాలం పట్టింది."

నాలుగంగుళాలు ఉంచి మిగతాదంతా దించారు. ఆ తర్వాత గోడలో దూరిన దూలాల చివర్లు పరీక్షించాను. మూడు చోట్ల స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగింది. చెదలు. ఆ మూడూ మార్చాలి. మార్చాలంటే సొంతదారు ఒప్పుకోవాలి.

ఆ శనివారం సాయంత్రం సారు హార్మోనియం ముందు కూర్చున్నారు. జనం లేరు, క్లబ్బువాళ్ళే. నన్ను వెనక గోడకు ఆనుకుని కూర్చోమన్నారు. మౌలాలి తబలా మీద రెండు దెబ్బలు వేసి ఆగాడు. మళ్ళీ వేశాడు. సుత్తి తీసుకుని శ్రుతి సరిచేశాడు. మళ్ళీ ఆగాడు.

"డబ్బా కొట్టినట్టుంది సారూ."

"కానీ" అన్నారు సారు.

మెల్లగా ఒక కీర్తన ఎత్తుకున్నారు. బజార్లో ఒక కండక్టరు "ఆళ్ళగడ్డ, ఆళ్ళగడ్డ" అని పిలుస్తున్నాడు. ఆ పిలుపు నాకు స్పష్టంగా వినిపించింది. చరణం అయ్యాక సారు నా వైపు చూశారు.

"ఇనపడిందా?"

"సగం సార్."

ఆయన హార్మోనియం మూసి, గుడ్డ కప్పారు. మౌలాలి తబలా సంచి ముడి చాలాసేపు వేశాడు.

సోమవారం సారూ నేనూ బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయాం. పెద్ద శెట్టి పోయి చాన్నాళ్ళయింది. కొడుకు ఎరువుల దుకాణంలో కూర్చుని ఉన్నాడు. మాకు కుర్చీలు వేయించి, టీ తెప్పించాడు. రిపోర్టు చదవమన్నాడు. చదివాను.

"ఒక్క మాటలో చెప్పప్పా. నిలుస్తాదా, నిలవదా?"

"మూడు దూలాలు మారిస్తే నిలుస్తాది."

"మార్చకపోతే?"

"నిలవదు."

"మా నాయనకు పాట పిచ్చి సారూ. నాకు ఆ చెవి లేదు, దాపరికమేముంది. రేపు ఎవురి నెత్తినన్నా దూలం పడితే పోలీసోళ్ళు నీ కాడికి రారు, నా కాడికే వస్తారు. అదేదో కొట్టేసి కాంక్రీటు గోదాము కట్టుకుంటా." టీ గ్లాసు పక్కన పెట్టి మళ్ళీ అన్నాడు. "ఆ మిద్దె మీ పాటకేనని నాయన మాటిచ్చినాడని నాకూ తెలుసు. కాదనలేని మాట నీ కాడ ఏమన్నా ఉంటే చెప్పు, ఇంటా."

పెద్ద శెట్టి ఎత్తిన గంప గురించి సారు చెబుతారని నేను ఎదురుచూశాను. శెట్టి కూడా ఎదురుచూస్తున్నట్టే ఉన్నాడు.

"ఏమీ లేదు శెట్టీ" అన్నారు సారు. "కొట్టే ముందు చెప్పంపు. హార్మోనియంలు తీసుకుంటాం."

తిరుగు బస్సులో ఉండబట్టలేక అడిగాను. "గట్టిగా అడిగుంటే ఒప్పుకునేటోడు సార్."

"ఏందీ అడిగేది? శనివారం నువ్వు ఇన్లేదా?"

"లోపల గడ్డి అట్టలతో సీలింగు కొట్టొచ్చు సార్, శబ్దానికి."

"ముందు మాదిరి పలుకుతాదా? ఇంజనీరువి, చెప్పు."

"చెప్పలేను సార్."

"ఉంచుకుంటే మమ్మల్ని చంపేది. దించినాం, అది చచ్చింది. నువ్వు రాసింది సరిగ్గానే ఉందిలే." ఆయన కిటికీ వైపు తిరిగారు.

వానలు తగ్గాక హాలు కొట్టేశారు. మౌలాలి పెళ్ళిళ్ళకు వాయించే ఆర్కెస్ట్రాలో చేరాడు. మైకు ముందు కూర్చుంటాడు. సారు మరెక్కడా పాడలేదు. ఆదివారం ప్రార్థనలో కూడా పుస్తకం తెరిచి పట్టుకుంటారే తప్ప గొంతు కలపరని విన్నాను.

ఇది జరిగి ఐదేళ్ళు. ఆ లెక్క ఎన్నోసార్లు మళ్ళీ వేసి చూశాను. తప్పు లేదు. ఉంటే బాగుండేదనిపిస్తుంది. పనిలో నాకొచ్చిన మార్పు ఒకటే. పాత కట్టడం చూడబోతే, దారం తీసే ముందు, దీన్ని ఇన్నాళ్ళూ మీరెలా చూసుకున్నారని ఆ ఇంటివాళ్ళను అడుగుతాను. బరువు ఎక్కడుందో చాలాసార్లు ఆ జవాబులోనే దొరుకుతుంది. దొరికాక నేను చేయగలిగేది మాత్రం అప్పుడెంతో ఇప్పుడూ అంతే.

మిద్దె మీది నుంచి దించిన చౌడును చుట్టుపక్కల వాళ్ళు తమ ఇళ్ళకు తోలుకున్నారు. పదకొండు ట్రాక్టర్లు.