ఈనె అడుగున ఎరుపు

పందొమ్మిది వందల అరవైల్లో ఒక ఏడు మా పెరటి అరటి చలికి మాడిపోయింది. చలికి తట్టుకునే కర్పూర చక్కెరకేళి అంటూ మా బావ ఒక పిలక ఇచ్చాడు. విడవలూరు బస్సులో దాన్ని ఒళ్లో పెట్టుకున్నాను.

పక్కనున్న పెద్దాయన అడక్కుండానే దాని ఆకు తిప్పి చూశాడు.

"ఎవురిచ్చినారబ్బయ్యా? ఈనె అడుగున ఎరుపు లేదే. ఇది బొంత. చలికి ఆగుతాది గానీ కూరకే పనికొస్తాది."

తన గోనెసంచిలోంచి ఇంకో పిలక తీసి, "ఇదిగో ఎరుపు. ఇదీ కర్పూర చక్కెరకేళంటే. ఇది నాటుకో" అన్నాడు.

ఊరకే ఇచ్చేవాణ్ణి నేను నమ్మను. నాది కాజేయడానికేనని గట్టిగా పట్టుకున్నాను. ఆయన తన పిలకను నా కాళ్ల దగ్గర పెట్టి దిగిపోయాడు. నాది అడగనే లేదు. అయినా ఆయన పిలకను బస్సులోనే వదిలేశాను.

బావ పిలకే నాటాను. మరుసటేడు గెల దిగింది. వారమంతా అరటికాయ వేపుడే. పండ్లు బాగున్నాయని బావకు చెప్పాను.

ఇప్పటికీ ఎవరి పెరట్లో అరటి కనపడినా ఆకు తిప్పి చూస్తాను.