3607 ఇంటూ 3803

పుంగనూరులో ఇంటర్ పిల్లలకు ట్యూషన్ చెప్పే రోజుల్లో నాకొక సంఖ్య మీద పిచ్చి ఉండేది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు వరుసగా పేరిస్తే వచ్చేది: 123456789. దాన్ని ఎనిమిదితో గుణించి తొమ్మిది కలిపితే 987654321, అచ్చంగా తలకిందులు. పిల్లలు నోళ్లు తెరిచేవాళ్లు. అంకెల మొత్తం నలభై ఐదు కాబట్టి తొమ్మిదితో భాగిస్తే శేషం ఉండదు, 13717421 వస్తుంది. ఇది ప్రధాన సంఖ్య, ఒకటితో, తనతో తప్ప ఇక దేనితోనూ తెగదు అని ఏటా బోర్డు మీద గీత గీసి మరీ చెప్పేవాణ్ణి. నిజానికి నేను వంద దాకా భాగించి చూసి, విసుగొచ్చి వదిలేశాను. అడిగేవాడు లేడు గదా.

తొంభైల్లో ఒక ఏడు చౌడేపల్లె నుంచి ఒక అమ్మాయి వచ్చేది. నాయన టమాటా రైతు. ఆ పిల్ల నా మాట నమ్మలేదు. ఆయన తెచ్చే మండీ చీటీల వెనక, ఏడుతో మొదలుపెట్టి ప్రధాన సంఖ్యలన్నిటితో ఒక్కొక్కటిగా భాగించుకుంటూ పోయింది. ఐదు వందల భాగహారాలయ్యాక ఒకదానికి శేషం సున్నా వచ్చింది.

"3607 ఇంటూ 3803, సార్," అని అందరి ముందరా చీటీ నా చేతికిచ్చింది.

ఏడు మూళ్లు ఇరవై ఒకటి, చివరి అంకె సరిపోయింది. ముప్పై మంది నా మొహమే చూస్తున్నారు. ఎక్కడో తప్పు చేశావు, పోయి కూర్చో అన్నాను. వాళ్లు వెళ్లాక అదే బోర్డు మీద పూర్తిగా గుణించి చూశాను. ఒక్క అంకె తేడా లేదు. తుడిచేశాను.

ఆ వేసవిలో వాళ్ల నాయన మదనపల్లె మార్కెట్ యార్డులో సరుకు దించి, అట్నుంచి అటే నా దగ్గరికొచ్చాడు. కూతురు అక్కడి కాలేజీలో లెక్కల డిగ్రీ చదువుతానంటోందట, ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదట. దానికి తగ్గ బుర్ర ఉందని మీరంటే చాలు, ఎవరు కాదన్నా చేరుస్తానన్నాడు.

కాలేజీకి పోతే ఆ పిల్ల ఏ లెక్చరర్ ముందో ఆ చీటీ బయట పెడుతుంది. నా తలలో మెదిలింది అదొక్కటే.

"తెలివైందే గానీ, లెక్కలకు పనికొచ్చే బుర్ర గాదప్పా," అన్నాను.

ఆయన దండం పెట్టి వెళ్లాడు. అంత నీచమైన మాట నా నోటి నుంచి ఇంకొకటి రాలేదు.

పదేళ్లు దాటాక ఆ పిల్ల కుప్పం స్టేషన్‌లో కనిపించింది. శాంతిపురంలో ఇచ్చారట, బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీ పనికి పోతోంది. తానే పలకరించి, బెంచీ మీద జరిగి చోటిచ్చింది. ఆ మర్యాదకే నాకు ఒళ్లు మండింది, నా మీద నాకే. ఉండబట్టలేక చెప్పేశాను, ఆ లెక్క కరెక్టేనని, నాకు ఆ రోజే తెలుసునని, అదేదో ఉపకారం చేస్తున్నట్టు.

ఆమె ఆశ్చర్యపోలేదు.

"కరెక్టని నాకూ తెలుసు సార్. ఆ పొద్దే గుణించి సూసుకున్నా. మా నాయన అడిగింది నన్ను గాదు గదా, మిమ్మల్ని."