చప్పుడు లేని ఇల్లు

పిన్ని పైచదువు సీటు కోసం పరీక్షలు రాయడం మొదలుపెట్టినప్పటి నుంచి అమ్మమ్మ ఇంట్లోంచి చప్పుడును వెళ్ళగొట్టింది. కుర్చీ కాళ్ళకు పాత సాక్సులు తొడిగింది, తలుపు బందులకు నూనె పోసింది, కాలింగ్ బెల్లులో దూది కుక్కింది. తుమ్మొస్తే పెరట్లోకి పరుగెత్తి, తుమ్మేసి దొంగలా తిరిగొచ్చేది.

తాతయ్య దగ్గితే కళ్ళతోనే ఉరి తీసేది. "నా కొంపలో నేను దగ్గకూడదటే?" అని ఆయన గొణిగితే, "అమ్మాయికి సీటొచ్చాక కరువుతీరా దగ్గుదురుగాని" అని గుసగుసలాడేది.

ఆ సీటు ఈసారీ రాలేదు. ఫలితం చూసుకుని పిన్ని గది తలుపేసుకుంది. అమ్మమ్మ మునివేళ్ళ మీద వెళ్ళి గుమ్మం బయట నిలబడింది. తలుపు తట్టడానికి చెయ్యి రాలేదు.

"అమ్మా, అక్కడే ఉన్నావని తెలుసు," లోపల్నుంచి పిన్ని అంది. "ఓ గిన్నెయినా కింద పడెయ్యవే. పోనీ నన్ను తిట్టు. అందరూ ఇలా ఊపిరి బిగబట్టుకుని కూర్చుంటే నేను చదవడం ఎలా మానను?"

అమ్మమ్మ గొంతు సవరించుకుంది. "మానేసెయ్ తల్లీ, సీటు రాకపోతే పోనీ, ఇవతలికి రా" అంది. గట్టిగానే అన్నాననుకుంది. కానీ ఇన్నేళ్ళ అలవాటు, ఆ మాట గుసగుసగానే వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయింది.

కాసేపటికి లోపల పుస్తకం తెరిచిన చప్పుడు స్పష్టంగా వినిపించింది.